తాతకు వినపడదులే!

పిలిస్తే పలకట్లేదని విసుక్కుంటున్నారా? పలకనిది మనిషి కాదు, చెవి. దానికీ దారుంది.

టీవీ సౌండు రోజురోజుకీ పెరుగుతుంటుంది. వంటింట్లోంచి కోడలు 'మామయ్యా, కాఫీ' అని నాలుగుసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ ఉండదు. ఫోను మోగితే మనవడి చేతికిచ్చి 'ఎవరో కనుక్కోరా' అంటారు. చివరికి పెళ్లిళ్లకి వెళ్లడం తగ్గుతుంది, రచ్చబండ దగ్గర కూర్చోవడం తగ్గుతుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటి పెద్దవాళ్లు ఎన్ని ఇళ్లలోనో!

చూపు మందగిస్తే కళ్లజోడు కోసం మర్నాడే బయల్దేరతాం. చెవి విషయంలో మాత్రం 'వయసు మీదపడింది కదా' అని ఏళ్ల తరబడి నెట్టుకొస్తాం. చెవి మిషన్ పెట్టుకుంటే నలుగురూ చెవిటివాడంటారని బెరుకు. పెట్టుకోకపోతే అనరా ఏమిటి! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం... మిషన్‌తో మేలు జరిగే అవకాశం ఉన్నవాళ్లలో దాన్ని వాడుతున్నది 17 శాతమే.

'పత్తి' అంటే 'కత్తి'

'నాకు బాగానే వినపడుతోంది, మీరే నసుగుతున్నారు' అని పెద్దవాళ్లు కోప్పడటం మామూలే. అందులో అబద్ధమేం లేదు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు దెబ్బతినేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. అచ్చులు గట్టిగానే వినిపిస్తాయి. స, త, క, ప లాంటి హల్లులే జారిపోతాయి. మాట వినిపిస్తుంది, ఏ మాటో తెలియదు. 'పత్తి' కాస్తా 'కత్తి' అవుతుంది.

ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. మిర్చి యార్డు గోలలో కమీషన్ వ్యాపారి క్వింటాలుకి 'పదహారు వేలు' అన్నాడో 'పదిహేడు వేలు' అన్నాడో తెలియకపోతే? పురుగుమందు ఎకరాకి ఎంత కలపాలో తప్పుగా వింటే? డాక్టరు చెప్పిన మాత్రల లెక్క తారుమారైతే? మళ్లీ అడగడానికి మొహమాటపడి తలూపేయడం... అసలు ప్రమాదం అక్కడే.

మిల్లు హోరు, ట్రాక్టరు మోత

వయసొక్కటే కాదు, చేసిన పని కూడా చెవుల్ని తినేస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలో దాదాపు 15 వేల సన్నని రోమకణాలుంటాయి. శబ్దాన్ని పట్టి మెదడుకు చేరవేసేది అవే. మనుషుల్లో అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. మామూలు మాటలు 60 డెసిబెల్స్ అనుకుంటే, 85 దాటిన మోతలో రోజూ ఎనిమిదేసి గంటలుంటే ముప్పే. మన ఫ్యాక్టరీ నిబంధనలు మాత్రం ఎనిమిది గంటలకు 90 దాకా అనుమతిస్తున్నాయి.

చిలకలూరిపేట, గణపవరం ప్రాంతాల స్పిన్నింగు మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు... వీటిలో పనిచేసేవాళ్లూ, వీపున తైవాన్ పంపు వేసుకుని మందు కొట్టేవాళ్లూ, క్యాబిన్ లేని ట్రాక్టరు తోలేవాళ్లూ ఏళ్లూపూళ్లూ ఈ మోతలోనే బతుకుతారు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ముందు సౌండు బాక్సుల పక్కన రాత్రంతా నిలబడే కుర్రాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చెవిలో పెట్టుకునే చిన్న ప్లగ్గుల ఖరీదు ఎంతని!

బీరువాలో పెడితే వినపడదు

ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. ఒక్కోసారి అది చెవుడే కాదు, గట్టిపడిన గులిమి. తీసేస్తే సరి. అంతేగానీ పిన్నీసులు, కోడి ఈకలు, కాచిన నూనెలతో ప్రయోగాలొద్దు. ఆడియోమెట్రీ పరీక్షలో ఏ శబ్దం ఎంత తగ్గిందో తేలాక, దానికి తగ్గట్టు మిషన్‌ని సర్దుతారు. పక్కింటాయన మిషనో, ఎక్కడో బేరమాడి తెచ్చిందో పెట్టుకుంటే లాభం లేనిది అందుకే.

కొత్తలో చిరాకు తప్పదు. ఫ్యాను చప్పుడు, పళ్లెం శబ్దం, సొంత నమిలే చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తాయి. 'ఇదంతా గోల' అని నాలుగో రోజున బీరువాలో పెట్టేసేది చాలామంది ఇక్కడే. ఏళ్లుగా మరిచిపోయిన శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటు పడాలి. మొదట ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలు, తర్వాత వీధి అరుగు మీద, ఆ తర్వాతే పెళ్లి పందిట్లో. కుయ్యిమని ఈల వస్తుంటే అచ్చు సరిగా కూర్చోలేదని అర్థం. మళ్లీ వెళ్లి సరిచేయించుకోవాలి.

ఈ ప్రాంతంలో మిషన్‌కి పెద్ద శత్రువులు చెమట, దుమ్ము. రెంటచింతల ఎండలు తెలిసినవే కదా! రాత్రి తీసి పొడి బట్టతో తుడిచి, బ్యాటరీ తలుపు తెరిచి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. తలకు నూనె రాసేటప్పుడు, స్నానానికి ముందు తీసేయాలి. అన్నట్టు, కల్లంలో మిర్చి తాలు ఏరిన చేతులతో మిషన్ ముట్టుకోవద్దు. సబ్బుతో కడుక్కున్నాకే! లేదంటే ఆ ఘాటు నేరుగా చెవిలోకే.

మిషన్ ఒక్కటే అన్నీ చేయలేదు. ఇంట్లోవాళ్లూ కాస్త మారాలి. ముందు పేరుతోనో వరసతోనో పిలిచి, మొహం చూసి, వెలుతురులో నిలబడి మాట్లాడాలి. అరవకూడదు. అరిస్తే పెదాల కదలిక మారిపోయి మరీ అర్థం కాదు. ఒకసారి అర్థం కాకపోతే అదే మాటను వేరేలా చెప్పాలి. అన్నిటికంటే నొప్పించే మాట... 'ఏం లేదులే'.

ఇదంతా మర్యాద కోసమే కాదు. మతిమరుపు జబ్బుకి కారణమయ్యే, మనం సరిచేసుకోగల అంశాల్లో వినికిడి లోపం ఒకటని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది.

డబ్బుల సంగతా? సదరం అంటే అందరికీ పింఛనే గుర్తొస్తుంది. కానీ అర్హులైన పేదలకు చెవి మిషన్లు ఇవ్వడానికి 1981 నుంచే కేంద్రం ఏడీఐపీ పథకం నడుపుతోంది. అలింకో సంస్థ శిబిరాలు పెట్టినప్పుడు వాకబు చేయండి. మిషన్ బిగించే రోజున ఇంట్లోవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి. రోజూ వినాల్సింది ఆ గొంతే కాబట్టి, వాళ్లతో మాట్లాడించి చూసుకున్నాకే ఇంటికి రండి.

ఒక్కరోజులో ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే మాత్రం శిబిరాల కోసం చూడొద్దు. మిర్చి కోతలున్నా సరే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆలస్యమయ్యేకొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.