పెంపుడు చిలుకకు హార్నెస్: తొందరపడితే మొదటికే మోసం

చాలామంది యజమానులకు హార్నెస్ అవసరం గుర్తొచ్చేది చిలుక ఎగిరిపోయాకే. బాల్కనీ తలుపు తెరిచి ఉంటుంది, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది, భుజం మీద బుద్ధిగా కూర్చున్న ఆఫ్రికన్ గ్రే ఒక్క ఉదుటున లేచి వెళ్లిపోతుంది. అది పారిపోవాలనుకుని పోదు, బెదిరి పోతుంది. ఇంట్లోనే పెరిగిన పక్షికి ఎత్తు మీది నుంచి కిందికి దిగడం అలవాటుండదు. అందుకే యజమాని గొంతు వినిపిస్తున్నా చెట్టు చిటారుకొమ్మన అలాగే కూర్చుండిపోతుంది.

రెక్కల ఈకలు కత్తిరించాం కాబట్టి భయం లేదనుకోవడం కూడా పొరపాటే. ఈకలు రాలి కొత్తవి వచ్చేసరికి ఎగిరే శక్తి తిరిగొస్తుంది. అంతకుముందైనా గట్టి గాలి వీస్తే కత్తిరించిన రెక్కలతోనే చాలా దూరం కొట్టుకుపోగలదు.

ఇదంతా విదేశీ చిలుకల గురించే. మన రామచిలుకను పంజరంలో పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అయినా, ఆ రాష్ట్రంతో సహా ఎక్కడా దాన్ని పెంచుకునే వీల్లేదు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటివి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం (సైటీస్) జాబితాల్లో ఉన్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని పెంచేవారు కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. హార్నెస్ కొనే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

చిలుక హార్నెస్ కుక్క మెడపట్టీ లాంటిది కాదు. ఒక లూప్ మెడ మీదుగా వస్తుంది, మిగతా పట్టీ రెండు రెక్కల కింద నుంచి ఒంటిని చుట్టుకుంటుంది. తాడు వీపు వైపు ఉంటుంది. కాలికి గొలుసు కట్టే పాత పద్ధతి జోలికి అసలు పోకూడదు. బెదిరి ఎగిరిన పక్షి తాడు చివరికి చేరగానే ఆ కుదుపంతా సన్నటి కాలు ఎముక మీద పడుతుంది, కాలు విరగవచ్చు.

బలవంతంగా తొడగడంలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. మనిషి ఊపిరి తీయడానికి ఉదరవితానం ఉంటుంది, పక్షికి అలాంటిది లేదు. ఛాతీ ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. గుడ్డలో చుట్టి ఛాతీ మీద గట్టిగా పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరాడదు. పట్టీ బిగువుగా ఉన్నా అంతే. మరీ వదులైతే రెక్క బయటికి జారిపోతుంది. అందుకే పక్షి బరువు తూచి, ఆ బరువుకు తగిన సైజు ఎంచుకోవాలి.

ఇక భయం సంగతి. చిలుక వేటాడే పక్షి కాదు, వేటకు గురయ్యేది. పై నుంచి వచ్చి వీపును చుట్టుకునేదేదైనా దాని దృష్టిలో డేగ గోరే. మనం తొడిగేది మెత్తటి నైలాన్ పట్టీ అని దానికి తెలిసే మార్గం లేదు, తెలియజెప్పాలి.

తెలియజెప్పే పద్ధతి నిదానమైనదే గాని కష్టమైనది కాదు. మొదట హార్నెస్‌ను పంజరానికి దూరంగా, పక్షికి కనిపించేలా పెడితే చాలు. దాని వైపు ప్రశాంతంగా చూసినప్పుడల్లా ఒక తాయిలం ఇవ్వాలి. బాదం పలుకో పొద్దుతిరుగుడు గింజో, ఏదైనా సరే, రోజువారీ గిన్నెలో దొరకనిదై ఉండాలి. కొన్ని రోజులకు హార్నెస్‌ను కాస్త దగ్గరికి జరపాలి. ముక్కుతో తాకితే తాయిలం. రోజుకు రెండుసార్లు, నాలుగైదు నిమిషాలకు మించకుండా, ఆకలి వేళకు కాస్త ముందు చేస్తే బాగుంటుంది. అలాగని పస్తుపెట్టకూడదు.

అసలు మలుపు తల దూర్చడం. లూప్‌ను పక్షి తల మీదుగా వేయకూడదు. లూప్‌ను వెడల్పుగా పట్టుకుని అవతలి వైపు నుంచి తాయిలం చూపించాలి. పక్షి ముక్కు పెడుతుంది, తర్వాత కళ్ల దాకా, మరో రోజు మెడ దాకా. అది వెనక్కి లాక్కుంటే లాక్కోనివ్వాలి. వద్దనుకున్నప్పుడు తప్పుకునే వీలుందని తెలిసిన పక్షే మర్నాడు మళ్లీ ధైర్యంగా తల పెడుతుంది. ఈకలు ఒంటికి అంటుకుపోయి సన్నగా కనబడినా, ఒళ్లు వెనక్కి వాల్చినా, ముక్కు తెరిచి బెదిరించినా ఆ రోజుకు ఆపేయాలి. మర్నాడు ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెట్టాలి.

రెక్కల దశ ఇంకా సున్నితం. హార్నెస్ లేకుండానే రెక్క కింద వేలు పెట్టడం, రెక్కను కొద్దిగా ఎత్తడం ముందుగా అలవాటు చేయాలి. క్లిప్ బిగించే టక్కుమనే చప్పుడుకే ఉలిక్కిపడే పక్షులుంటాయి, ఆ చప్పుడును దూరం నుంచి విడిగా వినిపించాలి. పిల్ల పక్షులు త్వరగా ఒప్పుకుంటాయి. చేతుల్లో ఇబ్బంది పడిన పెద్ద పక్షికి నెలలు పట్టవచ్చు.

తొడగడం కుదిరాక మొదట ఇంట్లోనే అర నిమిషం, తర్వాత ఐదు నిమిషాలు. చాలా పక్షులు పట్టీని కొరుకుతాయి. అప్పుడు నోటికి ఆడుకునే వస్తువు అందించాలి. విప్పడం కూడా తాయిలంతోనే జరగాలి, ఈకలు లాగితే మర్నాడు తల దూర్చదు. హార్నెస్‌తో పక్షిని ఒంటరిగా వదలకూడదు, పట్టీ దేనికైనా చిక్కుకుంటుంది.

బయట కుదుపు తగలకుండా సాగే తాడు వాడి, దాన్ని మనిషి మణికట్టుకు తగిలించుకోవాలి. పిట్టగోడ చువ్వకు కట్టేస్తే పక్షి తలకిందులుగా వేలాడుతుంది. బయల్దేరే ముందు ప్రతిసారీ కుట్లు చూడాలి, నమిలిన పట్టీ తెగుతుంది. గద్దలు తిరిగే డాబాలు, వీధికుక్కలు, ఎండ నడినెత్తికెక్కిన వేళ పనికిరావు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వేడి తట్టుకోలేకపోతోందని అర్థం, వెంటనే నీడకు తేవాలి. సంక్రాంతి రోజుల్లో మాంజా దారాలున్న చోటికి అసలు తీసుకెళ్లకపోవడం నయం.

ఎంత ఓపిక పట్టినా ఒప్పుకోని పక్షులూ ఉంటాయి. అలాంటివాటికి గట్టి ప్రయాణపు పంజరం, లేదా వల బిగించిన బాల్కనీ చాలు. ఎండా గాలీ అక్కడా అందుతాయి.