పాఠం చెప్పేవారికీ ఓ పాఠం!

పీహెచ్‌డీ చేసే ప్రతి ఒక్కరూ బోధన కూడా నేర్చుకోవాలంటున్నాయి యూజీసీ నిబంధనలు. మరి ఎకనామిక్స్‌ స్కాలర్లు ఆ విద్యను నేర్చుకునేదెక్కడ? అబిడ్స్‌ ఫుట్‌పాత్‌ నుంచి నాంపల్లి నుమాయిష్‌ దాకా వెతికితే బోలెడు పాఠాలు దొరుకుతాయి!

ఒకటో తరగతి పిల్లలకు అఆలు దిద్దించాలంటే డీఎడ్‌ చదవాలి. హైస్కూల్లో పాఠం చెప్పాలంటే బీఈడీ ఉండాలి. మరి డిగ్రీ విద్యార్థికి డిమాండు, సప్లై గురించి చెప్పాలంటే..? ఎంఏలో 55 శాతం మార్కులు, నెట్‌లోనో సెట్‌లోనో అర్హత ఉంటే చాలు. పాఠం చెప్పడమెలాగో ముందుగా నేర్చుకుని రమ్మని ఎవరూ అడగరు.

నెట్‌లో బోధన ఊసే ఉండదని కాదు. 100 మార్కుల మొదటి పేపర్లో బోధనా సామర్థ్యం మీద కొన్ని ప్రశ్నలుంటాయి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఈత గురించి ఆబ్జెక్టివ్‌ పరీక్ష పెట్టి, పాసైనవాళ్లను చెరువులోకి దింపితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

ఈ లోటును యూజీసీ కూడా గుర్తించింది. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఏ సబ్జెక్టులో పరిశోధన చేసేవారైనా సరే, తమ సబ్జెక్టును బోధించడంలోనూ రాయడంలోనూ శిక్షణ పొందాలి. వారానికి 4 నుంచి 6 గంటల దాకా ట్యుటోరియళ్లు, ల్యాబులు, మూల్యాంకనం వంటి పనులు వారికి అప్పగించవచ్చు. అంతకుముందే, 2020 నాటి జాతీయ విద్యావిధానమూ ఇదే మాట చెప్పింది. విదేశాల్లో 'టీచింగ్‌ అసిస్టెంట్‌' అని పిలిచే ఉద్యోగం ఇలా మన నిబంధనల్లోకీ వచ్చింది. కానీ ఎకనామిక్స్‌ స్కాలరుకు ఆ శిక్షణ ఎలా ఇవ్వాలి? అసలు ప్రశ్న అదే.

నిన్న విద్యార్థి... నేడు మాస్టారు

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్‌ నియామకాలు సరిగా సాగలేదు. ఖాళీలను నెట్టుకొస్తున్నది పార్ట్‌టైం, కాంట్రాక్టు, గెస్ట్‌ అధ్యాపకులే. వారిలో ఒకపక్క పరిశోధన చేసుకుంటూ మరోపక్క గంటల లెక్కన పాఠాలు చెప్పేవాళ్లు ఎందరో. మొన్నటిదాకా చివరి బెంచీలో కూర్చున్న కుర్రాడు ఒక్కసారిగా బ్లాక్‌బోర్డు ముందు నిలబడతాడు. ఎదురుగా 60 జతల కళ్లు!

అప్పుడు ఏం చేస్తాడు? తనకు ఎలా చెప్పారో అలాగే చెబుతాడు. నోట్సు డిక్టేట్‌ చేస్తాడు. బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట చుక్క పెట్టి 'ఇదే సమతౌల్య ధర' అంటాడు. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో అదే గీస్తారు. ఆ చుక్కకూ, కూరగాయల బండి దగ్గర అమ్మ చేసే బేరానికీ సంబంధం ఏమిటో మాత్రం చాలామందికి తెలియకుండానే డిగ్రీ అయిపోతుంది.

తప్పు ఆ కుర్రాడిది కాదు. అతడికి ఎవరూ నేర్పలేదంతే. ఉద్యోగంలో చేరాక నేర్పే ఏర్పాట్లు లేకపోలేదు. అధ్యాపకుల శిక్షణ కోసం 1987 నుంచి అకడమిక్‌ స్టాఫ్‌ కాలేజీలు మొదలయ్యాయి. ఉస్మానియాలోనూ, హైదరాబాద్‌ విశ్వవిద్యాలయంలోనూ అవి వచ్చాయి. 2023 నుంచి వాటిని మాలవీయ మిషన్‌ కేంద్రాలుగా పిలుస్తున్నారు. అయితే అవన్నీ ప్రధానంగా ఉద్యోగం వచ్చాక అందే శిక్షణలు. మొదటిరోజు క్లాసుకు వెళ్లే స్కాలరుకు అప్పుడు అక్కరకొచ్చేవి కావు.

తెలిస్తే చెప్పగలరా?

'సబ్జెక్టు బాగా వస్తే పాఠం అదే వస్తుంది' అనేది చాలామంది నమ్మకం. 2005లో పాల్‌ ఫెరారో, లారా టేలర్‌ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వెల్లడించిన ఓ సర్వే ఈ నమ్మకాన్ని కాస్త కుదిపింది. అమెరికా ఆర్థికవేత్తల వార్షిక సమావేశాలకు వచ్చిన 199 మందికి వాళ్లో చిన్న ప్రశ్న ఇచ్చారు.

మీకో కచేరీకి ఉచిత టికెట్‌ వచ్చింది. దాన్ని అమ్ముకోవడం కుదరదు. అదే రాత్రి మీకు ఇష్టమైన మరో గాయకుడి కచేరీ ఉంది. దాని టికెట్‌ 40 డాలర్లు. మీరైతే దానికి 50 డాలర్ల దాకా పెట్టడానికి సిద్ధం. మొదటి కచేరీకే వెళ్లారనుకోండి, మీ అవకాశ వ్యయం ఎంత? సున్నానా, 10, 40, లేక 50 డాలర్లా?

జవాబు 10. రెండో కచేరీకి వెళితే 50 డాలర్ల విలువైన ఆనందం 40కే దొరికేది. వదులుకున్నది ఆ తేడానే. సరైన జవాబు గుర్తించినవారు 21.6 శాతం! నాలుగింటిలో ఒకదాన్ని కళ్లు మూసుకుని గుర్తించినా 25 శాతం రావాలి. ప్రశ్నలోనే తికమక ఉందని తర్వాత కొందరు వాదించారు. అయినా ఒక సంగతి మాత్రం తేలింది. రోజూ వాడే భావనను కూడా విడమరచి చెప్పాల్సి వచ్చేసరికి పండితులే తడబడుతున్నారు. ఇక తొలిసారి క్లాసుకు వెళ్లే స్కాలరు సంగతి చెప్పాలా?

ఆరు నిమిషాల పాఠం

ఏటా ఎంతోమంది తెలుగు విద్యార్థులు అమెరికా వెళ్తున్నారు. వారిలో టీచింగ్‌ అసిస్టెంట్‌షిప్‌ దొరికినవారికి ఈ అనుభవం కొత్తేమీ కాదు. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవారు సెమిస్టర్‌ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయవచ్చు. ప్రొఫెసర్‌ పెద్ద క్లాసు చెబితే, ఆ పిల్లలనే చిన్న జట్లుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించడం, సందేహాలు తీర్చడం, పేపర్లు దిద్దడం అసిస్టెంట్‌ పని. విదేశీ అసిస్టెంట్ల ఇంగ్లిషు అర్థం కావడం లేదని ఫిర్యాదులు రావడంతో 1980ల నుంచి పలు రాష్ట్రాలు వారి భాషను పరీక్షించాలంటూ చట్టాలే చేశాయి. సెమిస్టర్‌కు ముందు శిక్షణ ఇవ్వడం చాలాచోట్ల అలవాటైంది. ఆ శిక్షణలో తరచూ కనిపించేది... నమూనా పాఠం. కొద్ది నిమిషాలు పాఠం చెప్పాలి. తోటివారు వింటారు. వీడియో తీస్తారు. తర్వాత అందరూ కలిసి మంచిచెడ్డలు చెబుతారు.

ఇది మన బీఈడీ విద్యార్థులకు ఎప్పటినుంచో తెలిసిన 'సూక్ష్మబోధన'! 1960ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన ఈ పద్ధతిని మన దగ్గర 36 నిమిషాల చక్రంగా మలచుకున్నారు. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు విమర్శ, 12 నిమిషాలు మళ్లీ సిద్ధం కావడం, 6 నిమిషాలు తిరిగి చెప్పడం, మరో 6 నిమిషాలు విమర్శ. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఓ గది, సెల్‌ఫోను కెమెరా, నిర్మొహమాటంగా మాట్లాడే నలుగురు మిత్రులుంటే చాలు. బీఈడీ కాలేజీల్లో రోజూ జరిగే ఈ సాధన ఎకనామిక్స్‌ విభాగం గడప దాటి లోపలికి రావాలంతే.

అబిడ్సే ప్రయోగశాల

రసాయనశాస్త్రానికి ల్యాబ్‌ ఉంటుంది. ఎకనామిక్స్‌కు..? ఆదివారం పొద్దున అబిడ్స్‌ వెళ్లండి. మూసి ఉన్న దుకాణాల ముందు ఫుట్‌పాత్‌ పొడవునా పాత పుస్తకాలు పరచి ఉంటాయి. అట్ట మీద అచ్చయిన ధరకు అక్కడ విలువ లేదు. అమ్మేవాడు ఒకటి చెబుతాడు, కొనేవాడు సగానికి అడుగుతాడు. నాలుగడుగులు వేసి వెళ్లిపోతున్నట్టు నటిస్తాడు. వెనక నుంచి పిలుపు వస్తుంది. సమతౌల్య ధర పుట్టేది అక్కడే!

దీన్నే క్లాసులోకి తేవచ్చు. పది మందిని పిలిచి పది చీటీలు పంచాలి. ఐదుగురు అమ్మకందార్లు. వాళ్ల చీటీల మీద 'ఇంతకు తక్కువైతే పుస్తకం ఇవ్వొద్దు' అని 40, 60, 80, 100, 120 రూపాయలు. ఐదుగురు కొనుగోలుదార్లు. వాళ్లకు 'ఇంతకు మించి పెట్టొద్దు' అని 140, 120, 100, 80, 60. ఎవరి చీటీ వారికే తెలియాలి. గదంతా తిరుగుతూ విడివిడిగా బేరాలాడుకోమనాలి. సిద్ధాంతం ప్రకారం మూడు పుస్తకాలే అమ్ముడవ్వాలి, ధర 80-100 మధ్య ఉండాలి. కానీ విడివిడి బేరాల్లో లెక్క తప్పుతుంది. 140 పెట్టగలవాడు 120 వాడికే చిక్కితే, 60 పెట్టేవాడికి 40 వాడు దొరికితే... ఒక్కోసారి ఐదూ అమ్ముడైపోవచ్చు!

రెండో విడతలో అందరూ గట్టిగా కేకేసి ధర చెప్పాలి. కుదిరిన ప్రతి బేరాన్నీ బోర్డు మీద రాయాలి. ఇలా మూడు నాలుగు విడతలయ్యాక ధరలు సిద్ధాంతం చెప్పిన చోటికే వచ్చి చేరతాయి. గీతలు గీయాల్సింది అప్పుడు.

ఇది వట్టి ఆట కాదు. 1948లో హార్వర్డ్‌ ప్రొఫెసర్‌ ఎడ్వర్డ్‌ చాంబర్లిన్‌ తన విద్యార్థులతో మొదటి రకం బేరాలు ఆడించిన ఫలితాలను ప్రచురించాడు. అక్కడ ఆ ఆటలో పాల్గొన్న వెర్నన్‌ స్మిత్‌ అనే విద్యార్థి తర్వాత తాను మాస్టారయ్యాక నిబంధనలు మార్చి, రెండో రకాన్ని తన క్లాసులో ఆడించాడు. ఆ ఫలితాలు 1962లో అచ్చయ్యాయి. ఆ దారినే సాగిన ఆయనకు 2002లో ఆర్థికశాస్త్ర నోబెల్‌ దక్కింది. క్లాసులో పెట్టిన ఆట, పరిశోధనకే కొత్త దారి చూపిందన్నమాట.

అయితే చీటీలు పంచినంత మాత్రాన పాఠం కాదు. ఎప్పుడు ఆపాలి, జవాబు ముందే చెప్పేయకుండా ఎంతసేపు ఓపిక పట్టాలి, వెనక బెంచీవాళ్లను ఎలా కలుపుకోవాలి... ఇవన్నీ సాధన చేస్తేనే వస్తాయి. శిక్షణ కావాల్సింది వీటికే.

ఇంకొన్ని ప్రశ్నలూ ఇక్కడి వీధుల్లోనే దొరుకుతాయి. జగదీశ్‌ మార్కెట్‌లో సెల్‌ఫోను దుకాణాలన్నీ పక్కపక్కనే ఎందుకుంటాయి? పోటీదారులు దగ్గరగా చేరడం గురించి హెరాల్డ్‌ హోటలింగ్‌ 1929లో రాసిన వ్యాసం అక్కడ అక్కరకొస్తుంది. నుమాయిష్‌లో 400కు తెచ్చిన శాలువాను చివరి రోజు 350కే ఎందుకిచ్చేస్తారు? స్టాలు అద్దె ఎలాగూ చెల్లించేశారు, అది తిరిగిరాదు. మిగిలిన సరుకు మోసుకెళ్లడానికి మళ్లీ ఖర్చు. అందుకే నష్టంలా కనిపించే ఆ బేరం నిజానికి తెలివైన బేరం!

నుమాయిష్‌ పుట్టిందీ ఇందుకే

ఆ నుమాయిష్‌ కథ వింటే ఎకనామిక్స్‌ విద్యార్థులకు ఉత్సాహం రావాలి. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘంలోని ఆర్థిక కమిటీ సభ్యులు హైదరాబాద్‌ రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. డబ్బుల్లేవు. నిధుల కోసం పబ్లిక్‌ గార్డెన్స్‌లో పది రోజుల స్వదేశీ వస్తు ప్రదర్శన పెట్టారు. అదే నుమాయిష్‌! 1946లో ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా 46 రోజుల పండగైంది. ఆదాయంతో ఎగ్జిబిషన్‌ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి.

అక్కడికి కాస్త దూరంలో, నాంపల్లి స్టేషన్‌ రోడ్డులో సరోజినీ నాయుడు ఇల్లు 'గోల్డెన్‌ థ్రెషోల్డ్‌' ఉంది. 1974లో హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. అటు బషీర్‌బాగ్‌ వైపు నడిస్తే 1887 నాటి నిజాం కాలేజీ. రెండు మూడు కిలోమీటర్ల పరిధిలో ఇంత చదువు చరిత్ర, ఇంత బజారు!

ఏ భాషలో చెప్పాలి?

శిక్షణలో మరో ముఖ్యమైన అధ్యాయం భాష. వందేళ్ల కిందట ఉస్మానియా ఇదే సవాలును ఎదుర్కొంది. ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పాలని 1917లో అనువాద సంస్థను పెట్టి, ఆర్థికశాస్త్రం సహా అనేక విషయాలకు పారిభాషిక పదాలు తయారుచేయించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అదే పని తెలుగులో చేసింది. ఉపాంత ప్రయోజనం, డిమాండు వ్యాకోచత్వం వంటి మాటలు డిగ్రీ విద్యార్థులకు అలా అలవాటయ్యాయి.

ఇప్పుడు ఒకే గదిలో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు, ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు, ఇంగ్లిషు మీడియంవాళ్లు కలిసి కూర్చుంటారు. 'ఎలాస్టిసిటీ' అంటే కొందరికి తెలియదు, 'వ్యాకోచత్వం' అంటే ఇంకొందరికి తెలియదు. 'ఉల్లి ధర రెట్టింపైతే కొనడం మానేస్తామా? ఐస్‌క్రీం ధర రెట్టింపైతే?' అని అడిగితే అందరికీ తెలుస్తుంది. పేరు తర్వాత చెప్పొచ్చు.

దిద్దడం కూడా ఓ విద్యే. ఒకే జవాబుకు ఒకరు ఆరు మార్కులు, మరొకరు తొమ్మిది వేస్తే నష్టపోయేది విద్యార్థి. ముందుగా దేనికెన్ని మార్కులో రాసుకుని, పది పేపర్లు అందరూ విడివిడిగా దిద్ది పోల్చుకుంటే ఆ తేడా చాలావరకు తగ్గుతుంది.

జాగ్రత్త పడాల్సిందీ ఒకటుంది. వారానికి 4-6 గంటలన్న నిబంధన, ఖాళీ పోస్టుల పని మొత్తం స్కాలర్ల నెత్తిన పెట్టే సాకు కాకూడదు. క్లాసులో వెనక కూర్చుని విని, బయటికొచ్చాక తప్పొప్పులు చెప్పే సీనియర్‌ ఒకరుండాలి. అది లేకపోతే శిక్షణ పేరుతో చౌకగా పని చేయించుకోవడమే అవుతుంది.

ఒక స్కాలరు రేపు అధ్యాపకుడై ఏడాదికి 100 మందికి చొప్పున 30 ఏళ్లు పాఠం చెబితే 3,000 మంది వింటారు. వాళ్లలో బడ్జెట్‌ వార్త చదివి అర్థం చేసుకునేవాళ్లు ఎందరు, నోట్సు బట్టీపట్టి మరిచిపోయేవాళ్లు ఎందరు అన్నది చాలావరకు ఆ మొదటి 36 నిమిషాల సాధన మీదే ఆధారపడి ఉంటుంది!