ఉన్నవారితోనే విజయం

ఫుట్‌బాల్ మైదానంలో ఆడేవారు పదకొండుగురు. వారిని ఎంపికచేసి, ఎవరు ఎక్కడ నిలవాలో నిర్ణయించేవాడు శిక్షకుడు. ఈ బాధ్యతనే ఆటగా మలచిన కంప్యూటర్ క్రీడ ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’. ఇంగ్లండుకు చెందిన కొలియర్ సోదరులు రూపొందించిన ఈ క్రీడ 1992లో వెలువడింది. అందులో దిగువశ్రేణి జట్టును చేపట్టినవానికి ధనం స్వల్పం. పేరున్న ఆటగాళ్లు రారు. ఉన్నవారి శక్తిని గుర్తించి పెంపొందించడమే అతనికి మార్గం.

నిజజీవితంలో ఈ మార్గాన నడిచినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయుడైన ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షణనిచ్చారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు నిర్వహించి ఆటగాళ్ల లోపాలను సరిదిద్దారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకాన్ని సాధించింది. అప్పటికే క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్న రహీం 1963లో మరణించారు.

కంప్యూటర్ తెరపై ఓడినవారు ఆటను మళ్లీ మొదటినుండి ఆరంభించవచ్చు. మైదానంలో ఆ వెసులుబాటు లేదు. అయినా రహీం పద్ధతికి ఖర్చు లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్‌లలోని ఏ కళాశాల జట్టయినా ఒక్క బంతితో, ఒక్క నియమంతో దానిని నేడే ఆచరించవచ్చు.