కట్టబోయే నీటిజారుడు ఎంత వేగంగా పోతుందో ముందే చెప్పగలమా?

వినోదోద్యానాలవారు ఒక క్రొత్త ఆటను తెరవడానికి ఏడాది, రెండేళ్ళ ముందునుండే దానిని గురించి ప్రకటనలు చేస్తూ ఉంటారు. అది పడవలోనో తెప్పమీదనో కూర్చుని ఎత్తునుండి నీటితోపాటు జారే ఆట అయితే, ప్రకటనలో ఒక రంగుల బొమ్మ, ఒకటి రెండు అంకెలు తప్ప మరేమీ ఉండదు. అది చాలు, ఊహలు బయలుదేరడానికి. ఎంత వేగంగా పోతుంది? తెప్ప గాలిలోకి లేస్తుందా? బరువైనవాడు ముందు చేరుతాడా, తేలికైనవాడా? ఈ ఊహాగానాలలో చాలా భాగం కాలక్షేపమే. అయినప్పటికీ ఎత్తు అనే ఒక్క అంకె తెలిస్తే, ఉన్నత పాఠశాలలో నేర్చుకున్న గణితంతోనే కొన్ని సంగతులను నిశ్చయంగా చెప్పవచ్చును. కొన్నింటిని "ఇది జరగదు" అని కొట్టివేయవచ్చును. మిగిలినవి మాత్రం కాగితం మీద తేలవు. కట్టి, బరువులు పెట్టి, కొలిచి చూడవలసినదే.

ఈ ఆట క్రొత్తది కాదు. 1895లో న్యూయార్కు దగ్గర కోనీ ద్వీపంలో పాల్ బాయ్టన్ అనే ఈతగాడు ఒక ఉద్యానం తెరచి, అందులో ఏటవాలు బల్లమీదుగా అడుగు చదునైన పడవలను కొలనులోకి జార్చే ఏర్పాటు చేశాడు. పడవ నీటిని తాకి ఎగిరెగిరి పడుతూ పోవడమే దానిలోని వేడుక. అమెరికాలో అడవులలో నరికిన దుంగలను చెక్క కాలువలలో నీటితో కొండ క్రిందికి దింపే అలవాటు ఉండేది. ఆ పద్ధతినే ఆటగా మార్చి 1963లో టెక్సాస్ రాష్ట్రంలోని ఒక ఉద్యానంలో దుంగ ఆకారపు పడవలను నడిపారు. నేడు లోకమంతటా కనిపించే నీటిజారుళ్ళలో చాలావాటికి ఈ రెండే పూర్వులు.

ఇక లెక్కలోకి వద్దాము. ఎత్తున ఉన్న పడవకు స్థితిజశక్తి ఉన్నది. అది దిగుతున్నకొద్దీ ఆ శక్తి గతిజశక్తిగా మారుతుంది. ఏమీ నష్టం కాలేదనుకుంటే, దిగిన ఎత్తును మీటర్లలో తీసుకుని 19.6తో గుణించి వర్గమూలం కడితే అడుగున ఉండే వేగం సెకనుకు మీటర్లలో వస్తుంది. దానిని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. 19.6 అంటే గురుత్వ త్వరణమైన 9.8కి రెట్టింపు. ఈ లెక్కలో పడవ బరువుకు చోటు లేదు, వాలు ఎంత నిటారుగా ఉన్నదనే దానికీ చోటు లేదు. విద్యార్థులు గట్టిగా పట్టుకోవలసిన విషయం మరొకటి: ఈ విధంగా వచ్చేది పడవ పోయే వేగం కాదు, పడవ దాటలేని వేగం. పైన ఎవరైనా త్రోస్తే తప్ప, నిజమైన వేగం ఎప్పుడూ దీనికి లోపే ఉంటుంది. ఎందుచేతనంటే నీరు, గాలి, ఘర్షణ తమ వంతు తీసుకోకుండా ఊరుకోవు.

ఈ ఒక్క సూత్రంతో ప్రకటనలను పరీక్షించి చూద్దాము. అమెరికాలోని డిస్నీ ఉద్యానాలలో 'స్ప్లాష్ మౌంటెన్' అనే దుంగపడవల ఆట ఉండేది. కాలిఫోర్నియాలో 1989లో మొదలైనది. దాని కథను మార్చి క్రొత్త ఆట చేస్తామని 2020లో ప్రకటించినప్పుడు అభిమానులు ఎన్నో విధాల ఊహించారు. 2024లో అది 'టియానాస్ బయూ అడ్వెంచర్' అనే పేరుతో ఫ్లోరిడాలోను, కాలిఫోర్నియాలోను తెరవబడినది. బొమ్మలు, పాటలు మారినవి. కాలువ మాత్రం పాతదే, చివరి దూకుడు పాతదే. ఆ దూకుడు సుమారు 16 మీటర్లు. 16ను 19.6తో గుణిస్తే 313.6, దాని వర్గమూలం 17.7, అనగా గంటకు 64 కిలోమీటర్లు. ఆ ఆటకు చెబుతూ వచ్చిన వేగం గంటకు 40 మైళ్ళు. అదీ 64 కిలోమీటర్లే! ఇంత చక్కగా సరిపోవడం చూసి సంతోషించనక్కరలేదు, సందేహించవలెను. ఘర్షణ అణుమాత్రం లేని పడవకు రావలసిన వేగం అది. నీటిలో ఒరుసుకుంటూ దిగే పడవకు అది ఎక్కడినుండి వచ్చినది? బహుశా ఎవరో మనవలెనే కాగితంమీద లెక్కకట్టి ఉంటారు.

ఇంతకన్న విచిత్రమైనది బ్రెజిల్ దేశంలోని ఫోర్తలేజా నగరం దగ్గర ఉన్న 'ఇన్సానో' అనే జారుడు. 1989లో కట్టిన దీని ఎత్తు 41 మీటర్లు. జారేవాడు గంటకు 105 కిలోమీటర్ల వేగం అందుకుంటాడని ప్రచారం. లెక్క చూడండి: 41ని 19.6తో గుణిస్తే 803.6, వర్గమూలం 28.35, గంటకు 102 కిలోమీటర్లు. ఘర్షణ లేకపోయినా, గాలి లేకపోయినా 102 దాటకూడదు గదా! 105 రావడానికి 43.4 మీటర్ల ఎత్తు కావలెను. ఆ జారుడు ఎంత భయంకరమైనదైనా, శక్తి నిత్యత్వ నియమాన్ని జయించినదని మాత్రం మనం ఒప్పుకోలేము. తరగతిలో ఈ నియమాన్ని చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణను వాడుకుంటే పిల్లలు మరచిపోరు.

నీటిని పైకి ఎత్తే ఖర్చుకూడా ఇదే లెక్కలో ఉన్నది. సెకనుకు ఒక ఘనపు మీటరు నీటిని 16 మీటర్లు ఎత్తడానికి 157 కిలోవాట్ల సామర్థ్యం కావలెను. మన పొలాలలోని 5 అశ్వశక్తుల మోటార్లు 42 కలిసి పనిచేసినట్లు. మోటార్ల నష్టాలు కలుపుకోకుండానే ఇది.

ఇప్పుడు నష్టాల సంగతి. ఘన వస్తువుల మధ్య ఘర్షణ బరువుతోపాటే పెరుగుతుంది కనుక, బరువు ఎంతైనా త్వరణంలో తేడా రాదు. గాలి అడ్డగింపు అటువంటిది కాదు. అది తెప్ప ముఖ వైశాల్యాన్ని, వేగపు వర్గాన్ని అనుసరించి పోతుంది. లోపల ఎవరు కూర్చున్నారో దానికి పట్టదు. ఒక చదరపు మీటరు ముఖమున్న తెప్ప గంటకు 105 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి సుమారు 500 న్యూటన్ల బలంతో వెనుకకు నెట్టుతుంది. మనుషులతో కలిసి తెప్ప 250 కిలోగ్రాములుంటే ఈ బలంవల్ల త్వరణంలో 2 తగ్గుతుంది. 180 కిలోగ్రాములే ఉంటే 2.8 తగ్గుతుంది. గురుత్వ త్వరణం 9.8 అని గుర్తుంచుకుంటే ఈ తేడా చిన్నది కాదని తెలుస్తుంది. కాబట్టి బరువైన తెప్ప వేగంగా పోతుంది. సూత్రంలో కనబడని బరువు ఈ విధంగా దొడ్డిదారిన లోపలికి వస్తుంది. నీటి అడ్డగింపు ఇంతకన్న చిక్కైనది. తెప్ప అడుగున నీటి పొర ఎంత మందం ఉన్నదో, అది తేలుతున్నదో ఒరుసుకుంటున్నదో, అంగుళం అంగుళానికీ మారుతూ ఉంటుంది. దీనిని ముందుగా లెక్కకట్టడం కళాశాల గణితానికికూడా లొంగదు.

అడుగుకు చేరిన తెప్పను మళ్ళీ ఒక మిట్ట ఎక్కించి దించితే ఆటలో రుచి హెచ్చుతుంది. ప్రమాదమూ అక్కడే పొంచి ఉంటుంది. బస్సు వేగంగా పోతూ రోడ్డుమీది ఎత్తు కల్వర్టును దాటినప్పుడు వెనుక సీటులోనివారు ఒక్క క్షణం సీటు వదలి లేవడం మనకందరకూ అనుభవమే. బస్సు క్రిందికి వంగినది. మనం ముందుకే పోవాలని చూశాము. మిట్ట శిఖరాన తెప్పకుకూడా ఇదే గతి. శిఖరం మీద అడ్డంగా పోతున్న తెప్పను, మేడమీదనుండి అడ్డంగా విసిరిన రాయితో పోల్చండి. జారుడు ఆ రాయి పడే మార్గం కన్న నిదానంగా వంగితే తెప్ప దానిని అంటిపెట్టుకుని ఉంటుంది. అంతకన్న త్వరగా వంగితే జారుడు క్రిందికి తప్పుకుంటుంది, తెప్ప గాలిలో మిగిలిపోతుంది. నష్టాలు లేవనుకుంటే దీనికి ఒక సులభమైన కొలత ఉన్నది: బయలుదేరిన చోటు మిట్ట శిఖరం కన్న ఎంత ఎత్తున ఉన్నదో, శిఖరపు వంపు వ్యాసార్ధం దానికి రెట్టింపుకు తగ్గకూడదు.

దీనిని బడిలోనే చూడవచ్చును. నీళ్ళ గొట్టాన్ని నిలువునా చీల్చి, ఒక చివర ఎత్తి, మధ్య ఒక మిట్ట వచ్చేటట్లు వంచి, గోళీని వదలాలి. వదిలే ఎత్తును కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఒకచోట గోళీ మిట్టమీద గొట్టాన్ని వదలి లేస్తుంది. గోళీ జారదు, దొర్లుతుంది కనుక దాని గతిజశక్తిలో సుమారు ఏడింట రెండు పాళ్ళు తిరగడానికే పోతుంది. అందుచేత లెక్కలో వచ్చిన దానికన్న ఎక్కువ ఎత్తునుండి వదలవలసి ఉంటుంది. ఈ తేడా ఎందుకు వచ్చినదో పిల్లలచేతనే చెప్పిస్తే ఇంకా మంచిది.

ఈ గోళీ చేసిన పనినే మనుషులున్న తెప్ప చేస్తే ఏమవుతుందో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో జరిగినదానివల్ల తెలుస్తుంది. కాన్సాస్ సిటీలోని ఒక నీటి ఉద్యానంవారు ప్రపంచంలోకెల్లా ఎత్తైన నీటిజారుడు కడతామని 2012లో ప్రకటించారు. దాని పేరు 'వెరుక్ట్'. జర్మను భాషలో ఆ మాటకు వెర్రి అని అర్థం. మన వెర్రితో చుట్టరికం లేకపోయినా చెవికి ఎంత దగ్గరగా ఉన్నదో! ఎత్తు 51.4 మీటర్లు, పైకి 264 మెట్లు. ముగ్గురు ఒకరి వెనుక ఒకరు కూర్చునే తెప్ప. మొదట నిటారుగా దూకి, తరువాత సుమారు 15 మీటర్ల ఎత్తున్న మిట్ట ఎక్కి దిగాలి. మిట్ట ఎక్కేటప్పుడు నీటిధారలు తెప్పను త్రోసి సహాయం చేస్తవి. వేగం గంటకు 105 కిలోమీటర్లన్నారు.

మన సూత్రం ప్రకారం 51.4 మీటర్లకు దాటరాని వేగం గంటకు 114 కిలోమీటర్లు. చెప్పిన 105 దానికి లోపే ఉన్నది. శక్తిలో సుమారు 16 శాతం నష్టమైనట్లు. నమ్మదగిన అంకె. ఇక మిట్ట చూడండి. అడుగున 105 ఉన్న తెప్ప 15 మీటర్లు ఎక్కేసరికి, నీటిధారల తోపును విడిచిపెట్టినా, సెకనుకు 23.6 మీటర్ల వేగం మిగిలి ఉంటుంది. ఆ వేగంతో అడ్డంగా విసిరిన రాయి 10 మీటర్లు ముందుకు పోవడానికి 0.42 సెకను పడుతుంది. ఆ కాలంలో అది పడేది 90 సెంటీమీటర్ల లోపే. అంటే శిఖరం నుండి 10 మీటర్ల దూరంలో జారుడు అంతకన్న ఎక్కువ దిగిందా, తెప్ప గాలిలోనే. శిఖరపు వంపు వ్యాసార్ధం 57 మీటర్లకు తగ్గకూడదన్నమాట. నీటిధారలు వేగాన్ని పెంచితే ఇంకా విశాలమైన వంపు కావలెను. ఇదంతా ప్రకటనలోని మూడు అంకెలతో, అరపేజీలో తేలే లెక్క.

నిర్మాతలు చాలావరకు కట్టి, పరీక్షించి, సరిదిద్దే మార్గంలో నడిచారు. మనుషులకు బదులు ఇసుక మూటలు పెట్టి వదిలితే, కొన్ని పరీక్షలలో తెప్పలు మిట్టమీద ఎగిరిపోయినవి. జారుడును కొంత విప్పి మరల కట్టారు. ప్రారంభోత్సవం ఒకటికి నాలుగుసార్లు వాయిదా పడినది. చివరకు జారుడు పైన లోహపు కమానులు నిలిపి, వాటికి వల కట్టి, 2014 జూలైలో ప్రజలకు తెరిచారు. తెప్ప ఎగరకుండా చేయడం వేరు, ఎగిరినదానిని వలతో ఆపడం వేరు. ఎగిరితే ఆపవలసిన కమానే తలకు తగిలేంత దగ్గరలో ఉన్నది. ముగ్గురి బరువు కలిసి 400 నుండి 550 పౌనుల మధ్య, అనగా 180 నుండి 250 కిలోగ్రాముల మధ్య ఉండాలని నియమం పెట్టారు. బరువు పెరిగితే వేగం పెరుగుతుందని పైన చూశాము గదా. ఈ నియమానికి అర్థమున్నది. కాని మొత్తం బరువు ఒక్కటే చూస్తే, ఆ బరువు ఎక్కడ కూర్చున్నదో తెలియదు. శిఖరాన తెప్పను జారుడుకు అదిమిపట్టే బలం దాదాపు శూన్యమైనప్పుడు, ముందువైపు తేలికగా, వెనుక బరువుగా ఉన్న తెప్ప మూతిని గాలిగాని నీరుగాని ఇట్టే పైకెత్తగలవు. త్రాసులో ఒక పళ్ళెం లేచినట్లే.

2016 ఆగస్టు 7న అదే జరిగినది. ముందు పదేళ్ళ బాలుడు, అతని వెనుక ఇద్దరు స్త్రీలు కూర్చున్నారు. మిట్టమీద తెప్ప పైకి లేచినది. కమాను తగిలి బాలుడు మరణించాడు, స్త్రీలిద్దరూ గాయపడ్డారు. ముగ్గురి బరువు కలిపితే పరిమితి లోపలే ఉన్నది.

ఆ రోజునుండి ఆ జారుడు మరి తెరవలేదు. కాన్సాస్ శాసనసభ 2017లో వినోద యంత్రాల తనిఖీ చట్టాన్ని కట్టుదిట్టం చేసినది. 2018లో నిర్మాతలపై నేరాభియోగాలు వచ్చినవి. 2019లో న్యాయస్థానం వాటిని కొట్టివేసినది. 2018 చివర జారుడును ముక్కలుగా విప్పి దించడం మొదలుపెట్టారు. ఆ ఉద్యానంకూడా మరుసటి వేసవిలో తలుపులు తీయలేదు.