ఎక్కదు వేరు, ఎక్కించకూడదు వేరు

మన హాస్టల్ స్టడీ రూములో కిటికీ పక్కనున్న మూడు కంప్యూటర్లు అందరికీ తెలిసినవే. పాత విద్యార్థులు కొందరు కలిసి ఇచ్చినవి. ఇంటెల్ ఐ3 నాలుగో తరం ప్రాసెసర్లు, 4 జీబీ ర్యామ్. నెమ్మదిగా నడిచినా, ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపాలన్నా, టైపింగ్ సాధన చేయాలన్నా, డిగ్రీ తమ్ముళ్లు నాలుగు పైథాన్ ప్రోగ్రాములు రాసుకోవాలన్నా ఇన్నాళ్లూ అవే దిక్కు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ సంగతి తెరమీద పదేపదే కనిపిస్తుంటే తమ్ముళ్లు ఒక సిస్టమ్‌ని ఆటోలో పెట్టుకుని టౌన్లో రిపేరు షాపుకి తీసుకెళ్లారు. షాపాయన చూసి అన్నమాట ఇది: "దీనికి విండోస్ 11 ఎక్కదు. ఎక్కిస్తే ఇల్లీగల్. అయినా హాస్టల్ పిల్లలు కాబట్టి చేసి పెడతా. ఒక్కోదానికి ఐదొందలివ్వండి. కీ గీ ఏమీ అక్కర్లేదు, యాక్టివేటర్ నేనే కొట్టేస్తా."

వీళ్లు భయపడి సిస్టమ్‌ని అలాగే వెనక్కి తెచ్చేశారు. ఆదివారం నేను వచ్చినప్పుడు అడిగారు: "అన్నా, నిజంగా కేసవుతుందా?"

నేను ఎంసీఏ చదువుతున్నవాణ్ణి, వకీలుని కాను. కానీ చట్టం పుస్తకం తెరిచి చదవడానికి వకీలే కానక్కర్లేదు కదా. చదివాక తెలిసిందేమిటంటే, షాపాయన మాట తలకిందులైంది. ఆయన ఇల్లీగల్ అన్నది నేరం కాదు. చేసి పెడతానన్న రెండో పనే నేరం.

ముందు 'అన్‌సపోర్టెడ్' అనే మాట సంగతి చూద్దాం. విండోస్ 11ని 2021 అక్టోబరు 5న విడుదల చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ కొన్ని షరతులు చెప్పింది. టీపీఎం 2.0 ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. టీపీఎం అంటే తాళంచెవులు దాచుకునే చిన్న చిప్పు లాంటిది. డిస్కులో సమాచారాన్ని గుప్తంగా ఉంచడానికి, బూట్ అయ్యేటప్పుడు దొంగ ప్రోగ్రాము దూరకుండా చూడడానికి పనికొస్తుంది. మన కంప్యూటర్లలో ఆ స్థాయి చిప్పు లేదు, ప్రాసెసర్ కూడా పాతది. అందుకే సెటప్ ప్రోగ్రాము మధ్యలోనే ఆగిపోతుంది.

అలా ఆగిపోయిందంటే చట్టం అడ్డుపడిందని కాదు. 'ఈ యంత్రం మీద మేము పరీక్షించలేదు, ఏదైనా అయితే మా పూచీ లేదు' అని కంపెనీ చెబుతోందన్నమాట. షరతులకు సరిపోని కంప్యూటర్‌లో వేసుకుంటే అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదనీ, పొసగక ఏదైనా పాడైతే వారంటీ వర్తించకపోవచ్చనీ మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీల్లో రాసింది. విశేషమేమిటంటే 2021లో ఆ తనిఖీని దాటడానికి రిజిస్ట్రీలో ఏ విలువ మార్చాలో కూడా అదే కంపెనీ తన పేజీలో పెట్టింది. తర్వాత తీసేసింది. నేరమైతే ఎలా చేయాలో తనే ఎందుకు చెబుతుంది?

ఇక 'ఎక్కించకూడదు' అనే మాట. అది కాపీరైటు నుంచి, లైసెన్సు నుంచి వస్తుంది. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని లెక్కలో కథ, కవిత ఎలాగో కంప్యూటర్ ప్రోగ్రామూ అలాగే సాహిత్య కృతి. (మన ప్రోగ్రాములు చూసి సారు సాహిత్యం అని ఎప్పుడూ అనలేదు గానీ, చట్టం అంటుంది.) కృతిని కాపీ చేసే హక్కు దాని యజమానిది. ఇన్‌స్టాల్ చేయడమంటే పెన్‌డ్రైవ్ నుంచి హార్డ్ డిస్కులోకి కాపీ చేయడమే. కాబట్టి యజమాని అనుమతి కావాలి, లేకపోతే చట్టమే ఇచ్చిన మినహాయింపు కావాలి. ఆ అనుమతి పేరే లైసెన్సు. చదవకుండా 'ఐ యాక్సెప్ట్' నొక్కేస్తామే, అదే.

చట్టం ఇచ్చిన మినహాయింపులు 52వ సెక్షన్లో ఉన్నాయి. ప్రోగ్రాము ప్రతి న్యాయంగా ఎవరి దగ్గర ఉందో వాళ్లు, అది ఏ పనికోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పోతే పనికొస్తుందని ఒక బ్యాకప్ ప్రతి ఉంచుకోవచ్చు. న్యాయంగా సంపాదించుకున్న ప్రతి నుంచి వ్యాపారం కోసం కాకుండా సొంత వాడకానికి కాపీ చేసుకోవచ్చు. 'న్యాయంగా' అన్న మాటే ఇక్కడ ప్రాణం.

మన మూడు సిస్టమ్స్‌లో రెండు కంపెనీవి. వాటి మీద విండోస్ 8 స్టిక్కర్ ఇప్పటికీ ఉంది. కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అది యంత్రంతో పాటు వచ్చిన లైసెన్సు. యంత్రాన్ని ఇంకొకరికి ఇస్తే దానితో పాటే వెళ్తుంది. అంటే పాత విద్యార్థులు మనకు ఇచ్చింది పెట్టె మాత్రమే కాదు, లైసెన్సు కూడా. ఆ లైసెన్సు మీదే అవి విండోస్ 10కి మారి, సరిగా యాక్టివేట్ అయి ఉన్నాయి. వాటిలో తనిఖీ దాటించి విండోస్ 11 వేసుకుంటే దొంగ కాపీ అనడానికి లేదు.

అయితే ఒక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్‌లోని సాంకేతిక పరిమితులను దాటవద్దని విండోస్ లైసెన్సులో ఒక వాక్యం ఉంది. టీపీఎం తనిఖీ దాటడం కూడా అందులోకే వస్తుందని కంపెనీ వాదించవచ్చు. కానీ అది ఒప్పందానికి సంబంధించిన తగాదా. 1872 కాంట్రాక్టు చట్టం కింద నష్టం ఎంత అని తేల్చుకునే సివిల్ వ్యవహారం. పోలీసులు వచ్చి తీసుకెళ్లే సంగతి కాదు. 2012 సవరణతో కాపీరైటు చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ సాంకేతిక రక్షణను ఛేదించడం నేరమంటుంది, రెండేళ్ల దాకా జైలు కూడా ఉంది. కానీ ఆ రక్షణ కాపీరైటు హక్కులను కాపాడేది అయ్యుండాలి, ఛేదించినవాడికి ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి. టీపీఎం తనిఖీ కంప్యూటర్ భద్రత కోసం పెట్టింది. లైసెన్సు డబ్బు ఎప్పుడో కట్టేసిన యంత్రంలో దాన్ని దాటితే ఆ సెక్షన్ అతకదని నా అభిప్రాయం.

ఇప్పుడు దీనికి పూర్తి వ్యతిరేకమైన సంగతి. డిగ్రీ ఫైనలియర్ తమ్ముడొకడు ఐఫోన్ యాప్‌లు చేయడం నేర్చుకోవాలని ఉబలాటపడుతున్నాడు. దానికి కావలసిన ఎక్స్‌కోడ్ మ్యాక్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. మ్యాక్ కొనే స్థోమత మనకెక్కడిది? సెకండ్ హ్యాండ్ డెల్ ల్యాప్‌టాప్‌లో మ్యాక్ ఓఎస్ ఎక్కించుకుంటానంటాడు. ఇలా చేసిన దాన్ని హ్యాకింటాష్ అంటారు. కుదిరితే చక్కగా నడుస్తుంది కూడా. యంత్రానికి శక్తి ఉంది. అనుమతే లేదు. యాపిల్ బ్రాండు కంప్యూటర్ మీదే ఇన్‌స్టాల్ చేయాలని యాపిల్ లైసెన్సులో స్పష్టంగా రాసి ఉంటుంది.

దీని మీద అమెరికాలో పెద్ద కేసే జరిగింది. ఫ్లోరిడాలోని సైస్టార్ అనే చిన్న కంపెనీ 2008 ఏప్రిల్ నుంచి మామూలు విడిభాగాలతో కంప్యూటర్లు తయారుచేసి, వాటిలో మ్యాక్ ఓఎస్ లెపర్డ్ వేసి యాపిల్ కన్నా చాలా తక్కువ ధరకి అమ్మింది. అదే ఏడాది జూలైలో యాపిల్ కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకి వెళ్లింది. సైస్టార్ వాదన వింటే మనకీ నిజమే అనిపిస్తుంది. 'మేము దొంగిలించలేదు. లెపర్డ్ డిస్కులు డబ్బు పెట్టి కొన్నాం. ప్రతి కంప్యూటర్‌తో ఒక డిస్కు ఇస్తున్నాం. కొన్న వస్తువుని మా ఇష్టం వచ్చినట్టు వాడుకోకూడదా?'

జడ్జి విలియం ఆల్సప్ 2009 నవంబరు 13న యాపిల్ పక్షాన తీర్పు చెప్పాడు. సైస్టార్ మొదట ఒక మ్యాక్‌లో లెపర్డ్ వేసి, దాన్ని మార్చి ఒక మాస్టర్ కాపీ తయారుచేసుకుంది. అమ్మిన ప్రతి కంప్యూటర్‌లోకీ ఆ మాస్టర్ కాపీనే దింపింది. కొన్న డిస్కు పక్కన ఊరికే పెట్టి ఇచ్చింది. కొన్న డిస్కుని మళ్లీ అమ్ముకోవచ్చు గానీ, దాని పేరు చెప్పి వేరే కాపీలు తయారుచేసి అమ్మడానికి వీల్లేదన్నది కోర్టు మాట. పైగా తనది కాని యంత్రంలో నడవకుండా యాపిల్ కొన్ని ఫైళ్లను గుప్తంగా ఉంచింది. వాటిని తెరిచే తాళంచెవిని వాడడం అమెరికాలోని డిజిటల్ కాపీరైటు చట్టం ప్రకారం ఇంకో తప్పు. 2011 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కూడా ఓఎస్‌ని తన యంత్రానికి కట్టేసుకోవడం కాపీరైటు దుర్వినియోగం కాదని చెప్పింది. 2012లో అక్కడి సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

అమెరికా తీర్పు మన కోర్టులను కట్టేయదు. ఆ కేసు కూడా అమ్ముకున్నవాళ్ల మీదే గానీ ఇంట్లో కూర్చుని నేర్చుకున్న పిల్లవాడి మీద కాదు. మన 52వ సెక్షన్లోని సొంత వాడకం మినహాయింపు ఈ తమ్ముడికి కొంత అండ. అయితే ఇప్పుడు మ్యాక్ ఓఎస్ డిస్కు కొనేది కాదు, యాపిల్ తన యంత్రాల కోసమని ఊరికే ఇచ్చేది. ఆ యంత్రమే లేనివాడి దగ్గర ఉన్న ప్రతి 'న్యాయంగా' వచ్చిందా అని అడిగితే వాడు ఏం చెబుతాడు? గుప్త ఫైళ్ల సంగతి 65ఏకి దగ్గరగా వస్తుంది కూడా. అందుకే విండోస్ విషయంలో చెప్పినంత ధైర్యంగా దీనికి సరే అనను. ఎలాగూ ఆ దారి మూసుకుపోతోంది. ఇంటెల్ ప్రాసెసర్లకు మ్యాక్ ఓఎస్ 26 తాహో ఆఖరిదని 2025 జూన్‌లో యాపిలే చెప్పింది. స్విఫ్ట్ భాష మాత్రం 2015 డిసెంబరు నుంచి ఓపెన్ సోర్స్. లైనక్స్‌లో హాయిగా నేర్చుకోవచ్చు. యాప్ కట్టే రోజు వచ్చినప్పుడు మ్యాక్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవచ్చని వాడికి చెప్పాను. మొహం ముడుచుకున్నాడు గానీ స్విఫ్ట్ మొదలుపెట్టాడు.

ఇక షాపాయన 'యాక్టివేటర్' దగ్గరికి వద్దాం. కొనని లైసెన్సుని కొన్నట్టు విండోస్‌ని నమ్మించే ప్రోగ్రాము అది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే కాపీరైటు చట్టం 63బి సెక్షన్ ప్రకారం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారం కోసమో కాకపోతే కోర్టు కారణాలు రాసి, జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలవచ్చు. మనలాంటి ఇళ్లలో 50 వేలంటే ఎంతో నేను చెప్పనక్కర్లేదు.

చట్టం పక్కన పెట్టినా, యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకి సిస్టమ్ మొత్తం మీద అధికారం ఇస్తున్నామన్నమాట. అదే సిస్టమ్‌లో మన వాళ్లు ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కొట్టి స్కాలర్‌షిప్‌కి పెడుతున్నారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మూడో కంప్యూటర్ అసెంబుల్డ్. స్టిక్కర్ లేదు, కీ లేదు. దానిలో ఇన్నేళ్లూ ఉన్నది యాక్టివేటర్ కొట్టిన విండోసే. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు దానిమీదే టైపింగ్ నేర్చుకున్నాను. ఎవరం అడగలేదు, ఎవరికీ తెలియదు కూడా.

మొన్న సెలవుల్లో ఆ డిస్కు పూర్తిగా తుడిచేసి లైనక్స్ మింట్ వేశాం. లైనక్స్ కెర్నెల్ లైసెన్సు జీపీఎల్. ఏ యంత్రంలోనైనా వేసుకో, ఎన్ని కాపీలైనా చేసుకో, పక్కవాడికి ఇవ్వు అని అది రాసే ఇస్తుంది. 4 జీబీ ర్యామ్‌లో బాగానే నడుస్తోంది. తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్‌లో వస్తుంది. మొదటి వారం 'స్టార్ట్ బటన్ ఏదన్నా' అని ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. స్టిక్కర్ ఉన్న రెండింటిలో ఒకదాన్ని విండోస్ 10 మీదే ఉంచాం, టైపింగ్ పరీక్ష సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదైతే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీ 2025లో ప్రకటించింది, నమోదు చేశాం. రెండోదానిలో తనిఖీ దాటించి విండోస్ 11 వేసి చూశాం. యాక్టివేట్ అయింది. కానీ బ్రౌజర్ తెరిస్తే టీ తాగి వచ్చేంత సేపు పడుతోంది. ఇంకో 4 జీబీ ర్యామ్ ముక్క దొరికితే బాగుపడుతుంది. పాత విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా డీడీఆర్3 ర్యామ్ ఖాళీగా ఉంటే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు జేబులో వేసుకుని రండి.