మీకు తెలుసా? ఆఫీసులో న్యాయం లెక్కే వేరు

● హైటెక్ సిటీ ఉద్యోగులకు అప్రైజల్ అనగానే గుర్తొచ్చేది ‘బెల్ కర్వ్’. టీమ్‌లో అందరూ బాగా పనిచేసినా కొందరికి తక్కువ రేటింగ్ ఇవ్వక తప్పని పద్ధతి అది. 1998లో హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిన మైక్రోసాఫ్ట్, ఇలాంటి ర్యాంకింగ్‌ను 2013 నవంబరులో ప్రపంచవ్యాప్తంగా ఎత్తేసింది.

● 2014 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్‌లో జరిగిన మహిళా టెక్ నిపుణుల సదస్సులో మైక్రోసాఫ్ట్ సీఈఓ, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల, జీతం పెంచమని అడిగే బదులు వ్యవస్థను నమ్మాలన్నట్టు మాట్లాడారు. విమర్శలు రాగానే అదే రోజు తన జవాబు తప్పని ఒప్పుకున్నారు. పెంపునకు అర్హులమనుకుంటే అడగాల్సిందేనన్నారు.

● జీతం కోసినా, కారణం చెప్పిన తీరు ముఖ్యం. అమెరికాలోని కొన్ని ఫ్యాక్టరీల్లో తాత్కాలికంగా 15 శాతం జీతం తగ్గించినప్పుడు ఏం జరిగిందో పరిశోధకుడు జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ పరిశీలించారు. 1990లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, కారణాన్ని వివరంగా, మర్యాదగా చెప్పిన చోట ఉద్యోగుల దొంగతనాలు తక్కువ.

● 1980లో మనస్తత్వవేత్త జెరాల్డ్ లెవెంతాల్ న్యాయమైన నిర్ణయానికి ఆరు కొలమానాలు చెప్పారు. అందరికీ ఒకే నియమం, పక్షపాతం లేకపోవడం, సరైన సమాచారం, తప్పు దిద్దుకునే వీలు, సంబంధితుల మాట వినడం, నైతికత.

● ఇంటర్వ్యూలో అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ఒకే కొలతతో మార్కులు వేస్తే, పిచ్చాపాటీ ఇంటర్వ్యూల కన్నా సరైన మనిషి దొరికే అవకాశం ఎక్కువ.