మతవిమర్శయు హోస్టింగు కంపెనీలును

2008 వ సంవత్సరము మార్చి నెలలో హాలెండు పార్లమెంటు సభ్యుడగు గీర్ట్ విల్డర్స్ ఖురానును నిందించు "ఫిత్నా" యను చిన్న చలనచిత్రమును సిద్ధపరచి, దానికై ఇంటర్నెట్టులో నొక సైటును తెరచెను. చిత్రమింకను వెలువడలేదు, ప్రజలు దానిని చూడనే లేదు. అయినను ఆ సైటునకు చోటిచ్చిన అమెరికా కంపెనీ నెట్‌వర్క్ సొల్యూషన్స్ వారు, ఫిర్యాదులు వచ్చినవనియు, తమ నిబంధనలకు భంగము కలిగెనేమో విచారించుచున్నామనియు ప్రకటించి దానిని నిలిపివేసిరి. 27 వ తేదీన చిత్రము లైవ్‌లీక్ అను మఱియొక సైటులో వెలువడెను. ఉద్యోగులకు బెదిరింపులు వచ్చినందున వారును మఱునాడే తీసివేసి, 30 వ తేదీన మరల నుంచిరి.

ఆ చిత్రమును మేము మెచ్చుకొనుట లేదు. కోట్లకొలది జనుల మతమును హింసతో ముడివేసి చూపుట విమర్శ యనిపించుకొనదు. కాని ప్రశ్న యది కాదు. చూడని చిత్రమునకు శిక్ష విధించు నధికారము ఒక వర్తకసంఘమున కెట్లు వచ్చెను?

ఇల్లు తమదనియు, అద్దెకుండువానిని పొమ్మను హక్కు తమకు గలదనియు కంపెనీలవారు చెప్పుదురు. మన పాఠకులలో ఇండ్లు, భూములు గలవారికి ఈ వాదము సులభముగా రుచించును. అయితే కౌలుదారుని తొలగించుటకైనను నోటీసు కావలెను గదా! 2017 ఆగస్టులో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ, యూదద్వేషమును ప్రచారము చేయు డైలీ స్టార్మర్ సైటునకు తన సేవను మానివేసెను. ఆ సైటు కొఱకు కన్నీరు విడువనక్కఱలేదు. కాని తానానాడు చికాకుతో నిద్రలేచి యట్లు నిర్ణయించితిననియు, ఇట్టి యధికార మెవ్వరికిని ఉండదగదనియు ఆ కంపెనీ యధిపతి మాథ్యూ ప్రిన్సే యొప్పుకొనెను.

మన చట్టము దీనికంటె మేలు. 1927 లో శిక్షాస్మృతిలో చేరి, 2024 జూలై నుండి భారతీయ న్యాయసంహితలో 299 వదిగా మాఱిన 295-ఎ సెక్షను, బుద్ధిపూర్వకమును దురుద్దేశపూరితమునైన మతదూషణమునే శిక్షించును. ప్రభుత్వానుమతి లేనిదే న్యాయస్థానము విచారణకు గైకొనదు. ముద్దాయికి వాదించుకొను హక్కును, అప్పీలును గలవు. 2015 లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, న్యాయస్థానపు ఉత్తరువుగాని ప్రభుత్వపు తాఖీదుగాని వచ్చిననే మధ్యవర్తులు విషయమును తొలగింపవలసియుండునని తేల్చెను. కంపెనీలు తమంతట తాము తొలగించుటకు మాత్ర మా తీర్పు అడ్డురాదు.

విల్డర్స్ వంటి పదవిగలవారు మఱియొక చోటు వెదకుకొందురు. నష్టపోవువారు స్వమతములోని దురాచారములను ఖండించు సంస్కర్తలు, నాస్తికులు, సంఖ్యాబలము లేని చిన్న శాఖలవారు. నూరుమంది కూడి ఫిర్యాదులు పంపినచో, తెలుగక్షరమైన నెఱుగని గుమాస్తా యెక్కడనో కూర్చుండి తెలుగు వ్యాసము విమర్శమో ద్వేషమో తేల్చవచ్చును.

యూరపు సమాఖ్య డిజిటల్ సేవల చట్టము, 2024 ఫిబ్రవరి 17 నుండి, విషయమును తొలగించు హోస్టింగు కంపెనీలు కారణములు తెలుపవలెనని శాసించుచున్నది. మన 2021 నాటి నియమములు ముందు నోటీసును, జవాబునకు అవకాశమును విధించినవి గాని, పెద్ద సామాజిక మాధ్యమములకే. హింసకు పురికొల్పు వ్రాతలను విడిచి, తక్కిన వానిలో ఆ నియమమును హోస్టింగు కంపెనీలకును వర్తింపజేయవలెనని కేంద్రప్రభుత్వమును కోరుచున్నాము.